నైరుతి మూల ఫోల్డర్

మర్పల్లిలో మల్లికార్జున్ వాళ్ళ ఇల్లెక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళి చూపిస్తారు. ఇంట్లో వాళ్ళు కందిచేలను నమ్ముకున్నారు. ఈయన వికారాబాద్‌లో జిరాక్సు దుకాణం పైన ఒక గది తీసుకొని వెబ్‌సైట్లను నమ్ముకున్నాడు. పని బాగా వచ్చినవాడే. వెన్నెముక ఒక్కటే తక్కువ.

తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ నడిపే చంద్రకాంత్ సేటు తన సైటు పని ఇస్తూ ముందే చెప్పాడు.

"గిది మంచిగ జేస్తివా, మా తాండూరు యూనిట్లోళ్ళందరి పనంత నీకే. చెడగొడితివా, హైదరాబాదోళ్ళను పిలుస్త."

సేటుకు వాస్తు చూసే సిద్ధాంతి ఒకాయన ఉన్నాడు. ఆయన చూడనిదే సేటు గేదెను కూడా కొనడు. సైటు చూపించాల్సిన రోజు పొద్దున్నే ఆ సిద్ధాంతి మల్లికార్జున్ గదికి వచ్చి, స్క్రీన్ పై అంచు ఉత్తరమని తేల్చి, కుడిపక్క పై మూలన ఉన్న స్టైల్స్ ఫోల్డర్ మీద వేలు పెట్టాడు.

"ఈశాన్యంల గింత బరువేంది? నైరుతికి జరుపు."

దేవుడు ఏ మూలనైనా ఉంటాడని అనంతగిరి మెట్లెక్కే ముసలమ్మలకు తెలుసు. కంప్యూటరు చదువు చదివిన మల్లికార్జున్ మాత్రం చేతులు జోడించి, ఆ ఫోల్డర్‌ను కింద ఎడమ మూలనున్న ఫొటోల ఫోల్డర్‌లోకి తోసేశాడు.

పేజీ రంగు, అక్షరాల తీరు, వరుసల మధ్య ఎడం, అన్నీ ఆ స్టైల్‌షీట్లలోనే ఉంటాయి. ఫలానా ఫోల్డర్‌లోకి వెళ్ళి ఫలానా షీటు తెచ్చుకోమని ప్రతి పేజీ మొదట్లో దారి రాసి ఉంటుంది. ఫోల్డర్ జరిగితే ఆ దారులన్నీ మార్చాలి. గదిలో పనిచేసే అశ్వినికి ఈ ముక్క నేర్పింది మల్లికార్జునే. పూడూరు నుంచి బస్సులో వచ్చే గొల్లకురుమల పిల్ల అశ్విని. ఈయన పొద్దున తినకుండా వస్తాడని తన డబ్బాలో రెండు రొట్టెలు ఎక్కువే తెస్తుంది.

"అన్నా, దారులు మార్చకుంటె పేజీలకు షీటు దొరకది గద. నువ్వే జెప్పినవ్," అంది.

"నీకు గొర్ల దారులెరుక. దేవుని దారులు నీకేం దెలుస్తయ్ పిల్లా? సూడు, మంచిగనే తెరుసుకుంటుంది."

లాప్‌టాప్ తను దాచుకున్న పాత పేజీనే చూపిస్తోంది. ఆ సంగతి ఆయనకు తెలియనిదేమీ కాదు; సిద్ధాంతి ముందు తెలుసుకోదలచలేదు, అంతే.

తాండూరులో సేటు, పాత పేజీలేవీ దాచుకోని తన ఆఫీసు కంప్యూటరు మీదే సైటు తెరిచాడు. రంగు లేదు, వరుస లేదు. తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు ఎడమ అంచుకు కుప్పగా పడి ఉన్నాయి. అక్కడక్కడా నీలం గీతలు.

"ఏందయ్యా గిది? కరెంటు బిల్లన్న గింతకంటె మంచిగుంటది!"

మల్లికార్జున్‌కు చూడగానే అర్థమైంది. ఫోల్డర్‌ను పాత చోట పెడితే చిటికెలో పని. కాని వెంటే వచ్చిన సిద్ధాంతి పక్క కుర్చీలో విభూతి సర్దుకుంటున్నాడు. నీవల్లే చెడిందని ఆయనతో అనాలి, లేదా తనే మతి లేక జరిపానని ఒప్పుకోవాలి.

"మా ఆఫీసుల ఒక పిల్ల ఉన్నది సేటు. ఆమె జేసిన ఆగం ఇది," అన్నాడు.

ఫోల్డర్‌ను నైరుతిలోనే ఉంచి, కూర్చుని పేజీ పేజీకీ దారి మార్చుకుంటూ పోయాడు. ఈయన చొక్కా చెమటతో తడిసిపోవడం చూసి, బండలు కోసే బీరమ్మ ఎవరూ చెప్పకుండానే చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. ఆయన తలెత్తి చూడలేదు. చివరికి సైటు రంగులతో నిలబడింది.

"నైరుతిల వెట్టినంకనే నిలవడ్డది, సూసిండ్రా?" అన్నాడు సిద్ధాంతి. సేటు సిద్ధాంతి కాళ్ళకు దండం పెట్టి, మల్లికార్జున్ వైపు తిరిగాడు.

"పని నీకే. గని ఆ పిల్లను రేపటికెల్లి తీసెయ్యి. మల్లా ఆగం జేస్తది."

"గట్లనే సేటు," అన్నాడు మల్లికార్జున్.

మర్నాడు అశ్విని ఎప్పటిలాగే వచ్చి రొట్టెల డబ్బా ఆయన ముందు పెట్టింది.

"పని దొరికిందంట గద అన్నా? దేవుడు సల్లగ జూసిండు. ముందుగాల తిను."

పొమ్మందామని నోరు తెరిచాడు. ఈ పిల్ల వెళ్ళిపోతే ఇన్ని సైట్లు ఎవరు చేస్తారన్నది అప్పుడు తట్టింది.

"అశ్వినీ, సేటు గిటు దిక్కొస్తె నువ్వు జర కిందికి పోవాలె. నీ కుర్సీ ఈశాన్యంల ఉన్నదట, సిద్ధాంతి చెప్పిండు."

ఆ పిల్ల వెళ్ళి తన కుర్చీ ఎత్తింది. "యాడ వెట్టాలె అన్నా? సేటొస్తె నేను కిందికెల్లి చాయ్ తెస్త తియ్. మీరు సల్లగ మాట్లాడుకోండ్రి."

రొట్టె నములుతూ మల్లికార్జున్ ఆ పిల్లను చూశాడు. సేటు ఉద్యోగంలోంచి తీసేయమన్నా తీసేయని తన మంచి మనసు తలచుకొని తనకే కళ్ళు చెమర్చాయి.