పన్నెండు గంటల చిట్టీ

మొన్న మా ఆడబిడ్డ మనుమరాలి తొట్టెల పత్రిక వచ్చింది. 'విందు 12 ఏ.ఎం. నుండి' అని అచ్చేయించారు. అర్ధరాత్రి అన్నం తినడానికి మేమేమైనా దయ్యాలమా అని ఫోన్‌లోనే తగువు పెట్టుకున్నాను. "గింత దానికి గంత లొల్లేంది వదినా, అందరికి ఎర్కనే గదా" అంది. అందరికీ ఎరుకే అయితే, ఒకప్పుడు మా బాపు చెరకు బండితో ఫ్యాక్టరీ ముందు రాత్రంతా ఎందుకు నిలబడ్డట్టు?

బోధన్ చుట్టుపక్కల పెరిగిన నా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు, మా గడియారం చక్కెర ఫ్యాక్టరీ కూతే. ఒక కూతకు పొయ్యి వెలిగేది, ఇంకో కూతకు నాట్లేసే ఆడవాళ్లు ఒడ్డెక్కి సద్ది విప్పేవారు. ఏ.ఎం.లు, పీ.ఎం.లు ఎవరికి కావాలి?

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా చెరకు తోలుకురమ్మని ఫ్యాక్టరీ నుంచి చిట్టీ వచ్చింది, 12 పీ.ఎం.కు. పగలే అన్నాడు మా పెదబాపు. నేను ఊరుకుంటానా? పదకొండు పీ.ఎం. రాత్రయినప్పుడు దాని తర్వాతి పన్నెండు పగలెట్లా అవుతుందని వాదించి ఆయన నోరు మూయించాను. బాపు ఇద్దరి మొహాలూ చూసి, చదువుకున్న బిడ్డ మాటే పట్టుకున్నాడు. రాత్రి బండి చేరేసరికి మా వంతు పగలే దాటిపోయింది. కొట్టిన చెరకు గంటగంటకూ ఎండి బరువు తగ్గుతుంటే, మళ్లీ వంతు వచ్చేదాకా, మర్నాటి ఎండలో కూడా, బాపు ఎడ్ల పక్కనే నిలబడ్డాడు.

డిగ్రీకి నిజామాబాద్ వచ్చాక మా ఇంగ్లిషు మేడమ్ చెప్పింది, అవి లాటిన్ ముక్కలని. మెరిడియెం అంటే మిట్టమధ్యాహ్నం, యాంటె అంటే ముందు, పోస్ట్ అంటే తర్వాత. మరి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడో అని లేచి అడిగాను. అది ముందూ కాదు వెనకా కాదు, వాడుకలో పీ.ఎం. అంటారు గానీ, తిరకాసు వద్దనుకునేవాళ్లు 'పగలు పన్నెండు' అని విప్పి రాస్తారంది. ఆ ఆదివారమే ఇంటికి పోయి, తప్పు నా ఒక్కదానిదే కాదు, ఆ అక్షరాలది కూడా అని గెలిచినట్టు చెప్పాను. బాపు నవ్వి బీడీ ముట్టించుకున్నాడు.

ఆయన పోయిన తర్వాత పెదబాపు చెప్పాడు. ఆ రోజు తోటి బండ్లవాళ్లు, ఈ చిట్టీ నీకు చదివిపెట్టిన తెలివిగల్లోడెవడని నవ్వితే, బాపు ఒక్కటే మాట అన్నాడట.

"ఎవలు లేరే, నేనే తప్పు సదువుకున్న."

మా బాపుకు తన పేరు రాయడం కూడా రాదు.

ఇప్పుడు ఫ్యాక్టరీ మూతపడింది, కూత లేదు. ఎవరి గడియారం వాళ్ల చేతిలోని ఫోన్‌లోనే ఉంది, ఎవరి ఒప్పు వాళ్ల దగ్గరే ఉంది. నా జన్మలో గెలిచిన వాదనలు లెక్కలేనన్ని. ఆ పూట పెదబాపు ముందు ఒక్కటి ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేదో.