అత్త కంప్యూటర్లో పాత విండోస్

నిన్న ఫోన్లో ఫొటోలకు చోటు లేదని మా ఆవిడ అంటే, అక్కర్లేనివి తీసేద్దామని కూర్చున్నాను. ఏది అక్కర్లేనిదో తేలక అలా కూర్చునే ఉండగా, రాజాంలో మా మేనత్త గుర్తొచ్చింది.

అవి విండోస్ సెవెన్ రోజులు. అత్త బాప్టిస్టు చర్చిలో క్వయర్ నడిపేది. ఆమె పాట ఎత్తుకుంటే వెనక బెంచీల వాళ్లు దగ్గు కూడా ఆపుకునేవారు. అలాంటి మనిషికి థైరాయిడ్ గడ్డ వచ్చింది. ఆపరేషన్ తర్వాత గొంతు మారినా మారొచ్చని విశాఖలో డాక్టరు ముందే చెప్పాడు. ఆలోగా తన పాటలన్నీ ఇంట్లో కంప్యూటర్లో రికార్డు చేసిపెట్టమని అత్త నన్ను పిలిపించింది. వెళ్లాను గానీ, నాకొచ్చినదల్లా టైపు చేయడం, ప్రింటు తీయడం.

మైకు పెట్టి మొదలెట్టామో లేదో, డిస్కులో చోటు లేదంది కంప్యూటరు. డి డ్రైవ్ తెరిస్తే కనపడేవి నాలుగు ఫొటోలు. డ్రైవ్ మాత్రం నిండిపోయి ఉంది. దాచిన ఫైళ్లను చూపించే గుర్తు ఎక్కడుందో వెతికి నొక్కితే, వెలిసిపోయిన రంగులో ఫోల్డర్లు బయటపడ్డాయి. ఎవరో కొత్త విండోస్ వేసి, పాతదాన్ని అలాగే వదిలేశారన్నమాట. డిలీట్ కొట్టాను. ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనేవాడి అనుమతి కావాలంది.

"ఆడెవుడ్రా?" అంది అత్త, కళ్లజోడు సర్దుకుంటూ.

"నాకూ తెలీదత్తా."

"మనింట్లో మిషను, మనం తియ్యడానికి ఆడ్నడగాలేటి? ఫోన్ నంబరుంటే సెయ్యి, నేను మాటాడతాను."

ఆఖరికి కంప్యూటర్లు తెలిసిన స్నేహితుడికి ఫోన్ చేస్తే, ఫోల్డరు ఓనర్ని మార్చమన్నాడు. ప్రాపర్టీస్‌లోకీ సెక్యూరిటీలోకీ దారి తప్పి తిరిగి తిరిగి, ఆ పేరు తీసి అత్త పేరు ఎక్కించాను. ఫోల్డరు కదిలింది. తీరా అది పోతుంటే ఇద్దరికీ గుబులు పట్టుకుంది.

"ఒరే, కావల్సిందేదో పోతన్నాదేమో సూడు!" అంటుంది. నాకు తెలిస్తే కదా! సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అని ఇంకొకటి ఎంతకీ పోలేదు. అది ఉండాలో పోవాలో తెలియక వదిలేశాం. వచ్చిన చోటు పాటలకు చాలింది. అత్త గొంతు బొంగురుపోయేదాకా పాడింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు తిరిగొచ్చింది, కానీ కింది శ్రుతికి దిగిపోయింది. కొన్నాళ్లకు నేను చూడ్డానికి వెళ్తే ఆ రికార్డు పెట్టమంది. రెండు పాటలు కదలకుండా విని నావైపు తిరిగింది.

"బాగా పాడతన్నాది. ఎవుర్రా ఈవిడ?"

వేళాకోళమో, నిజంగానే అడిగిందో నాకు తెలియలేదు. నవ్వబోయి ఆగిపోయాను. ఒకప్పటి మనకీ ఇప్పటి మనకీ వరస ఏమవుతుందో, కాలం ఇంతవరకూ ఎవరికీ చెప్పినట్టు లేదు.