చుక్కలు లేని పేజీలు

ఆ ఆదివారం అద్దాలాయన రెండు బస్సులు మారి నవలా రచయిత్రి అక్కగారింటికి వెళ్ళాడు. రచయిత్రి పోయి నలభై రోజులు దాటింది. అతని కథ ఒకటి ఆమె దగ్గరే ఉండిపోయింది, పదకొండు పేజీలు. కాగితాల కోసమైతే వెళ్ళేవాడే కాదు, ఇంట్లో నకలుంది. ఆమె ఆ కథ పూర్తిగా చదివిందా, చదివితే ఏమనుకుంది అన్నదే అతన్ని నిద్రపోనివ్వడం లేదు.

కళ్ళద్దాల షాపులో ఫ్రేములకు అద్దాలు బిగించే పని అతనిది. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం సైకిల్ షాపు మీది గదిలో ఆమె ఏడెనిమిది మందికి కథలు రాయడం నేర్పింది. ఆరు నవలలు అచ్చయిన మనిషి, తన నవలల ఊసు మాత్రం ఎత్తేది కాదు. అక్కడ ఎవరి కథ వాళ్ళు చదవకూడదు. పక్కవాళ్ళు చదువుతుంటే రాసినవాళ్ళు నోరు మెదపకుండా వినాలి. ఆమె ఇంకో ప్రతి పట్టుకుని, నమ్మకం కుదరని ప్రతి చోటా పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టేది.

"పట్టపగలే చుక్కలు చూపిస్తుంది మహాతల్లి" అని మెట్లు దిగుతూ, వాళ్ళతోపాటే నేర్చుకునే నర్సమ్మ నవ్వేది.

చదవడం అయ్యాక చుక్కకో ప్రశ్న.

"ఏమయ్యా అద్దాలాయనా, ఈవిడ ఏడుస్తోంది, సరే. కూర్చుని ఏడుస్తోందా, నిలబడా?"

"నిలబడేనండీ."

"మరి ఒళ్ళో పిల్లి ఎలా ఆగింది? మేకు కొట్టావా?"

గది గొల్లుమనేది. అతని చెవులు ఎర్రబడేవి.

బాగుందన్న మాట ఆమె నోట వచ్చేది కాదు. మరీ నచ్చితే కాగితాలు బల్లమీద పెట్టి, "తర్వాత?" అనేది. ఇంకోటి రాసుకురమ్మని అర్థం. మూడేళ్ళలో ఆ మాట నర్సమ్మకు ఒక్కసారి దక్కింది. అద్దాలాయన దానికోసం మొహం వాచి ఉన్నాడు.

ఆఖరి ఆదివారం అతని వంతు వచ్చేసరికి పొద్దుపోయింది. "ఇది ఇంటికి పట్టుకెళ్తాలే" అందామె. అంతకుముందు ఎవరి కథనూ అలా తీసుకెళ్ళలేదు. ఆ వారం అతను ఓ ముసలాయన కుడి కంటి అద్దాన్ని ఎడమవైపు బిగించి ఓనరు చేత చీవాట్లు తిన్నాడు. మరుసటి ఆదివారం గదికి తాళం. గురువారమే గుండె ఆగి పోయిందని సైకిల్ షాపతను చెప్పాడు.

అక్కగారు తలుపు తీసి, కథల గది నుంచి వచ్చానన్న అతన్ని ఎగాదిగా చూసింది.

"మా చెల్లెలి దగ్గర కథలు నేర్చుకున్నావా? ఆసుపత్రిలో చేసేది నువ్వేనా?"

"కాదమ్మా, కళ్ళద్దాల షాపులో."

"ఓహో! పిల్లికి మేకు కొట్టినవాడివా! అన్నం తింటూ చెప్పి పొలమారేలా నవ్వింది."

ఆమె ఇంట్లో తన గురించి మాట్లాడిందన్నమాట. అద్దాలాయన తన కథ సంగతి అడిగాడు.

అక్కగారు లోపల్నుంచి కాగితాల కట్ట తెచ్చి ముందు పెట్టింది. అతని కథ పైనే ఉంది. మొదటి నాలుగు పేజీల నిండా చుక్కలు. ఒక్కో చుక్క దగ్గర ఆగి, ఆమె ఏమడిగి ఉండేదో ఊహించుకుని, మనసులోనే జవాబు చెప్పుకున్నాడు. ఐదో పేజీ తిప్పాడు. ఒక్క చుక్క లేదు. ఆరు, ఏడు, చివరిదాకా శుభ్రంగా ఉన్నాయి.

"చుక్కల్లేకపోతే మంచిదేగా?" అంది అక్కగారు. "మొత్తం చదివే ఉంటుందిలే. పట్టిన కాగితం మధ్యలో వదిలే రకం కాదది."

నమ్మాలనే ఉంది అతనికి. వరసగా ఏడు పేజీలు! ఆమె కళ్ళతో చూస్తున్నట్టుగా ఐదో పేజీ చదివాడు. ఆరోదీ చదివాడు. ఎక్కడా తప్పు దొరకలేదు.

ఏడో పేజీ మధ్యలో కథలోని ఇల్లాలు వీధిలోంచి వచ్చింది. కుడిచేతిలో నీళ్ళ బకెట్, ఎడమచేత్తో భుజాన వేసుకున్న నిద్రపోయే పిల్ల. గడియ తీసుకుని లోపలికి నడిచింది.

అతను ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. ఏ చేత్తో తీసింది?

ఆమె కంట పడితే వదిలేది కాదు. చచ్చినా వదిలేది కాదు.

"ఏం నాయనా, ఆఖర్న ఏమన్నా రాసిందా?"

అద్దాలాయన కాగితాల అంచులు సరిచేశాడు.

"లేదమ్మా. ఆవిడ ఇంకా అక్కడిదాకా రాలేదు."