సగం నీళ్ల సీసా

ఆ సీసా గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం. బందరులో టీచర్ ట్రైనింగ్ ముగించి, ఉద్యోగం ఆర్డరు కోసం ఘంటసాల దగ్గర మా ఊళ్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న ఏడాది అది. ఆ వేసవిలోనే నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. ఆయన బడిలో పంతులు, ఆదివారం చర్చిలో వాక్యం చెప్పేవారు. ఆ రెండూ ఎలాగో నెట్టుకొచ్చారు గానీ, వెదురు గెడ ఎత్తి ఊరి కాలవలో గాలం వేయడం మాత్రం కుదరలేదు. ఆ చేత్తో ఒక్క కొర్రమీను పడితే మళ్లీ మనిషినైనట్టేనని రోజూ అనేవారు.

గెడ లేకుండా చేత్తో విసరాలంటే తేలికైన గాలం కావాలి. తెల్లకోడి ఈకలను ఎర్ర కుట్టుదారంతో చిన్న గాలానికి చుట్టి పురుగులా చేశాను. అది విసిరితే మా కాళ్ల దగ్గరే పడింది. అప్పుడు నాన్నగారు తన ఇంజక్షన్ల ఖాళీ సీసా ఒకటి తెమ్మన్నారు. దాని మెడకు నైలాన్ దారం ముడేసి, అవతల మూరెడు వదిలి ఈకల గాలం కట్టాం. సీసాయే బెండు, సీసాయే బరువు. నిండా నీళ్లు పోస్తే బుడుంగున మునిగింది. ఖాళీగా విసిరితే గాలికి తిరిగొచ్చి తుమ్మకంపలో పడింది. నిండుకుండ తొణకదంటారు గానీ మా పనికి తొణికేదే కావలసి వచ్చింది. సగం నీళ్లు పోసి రబ్బరు మూత బిగించాక, కాలవ సగం దాటి పడి చక్కగా తేలింది.

వారం రోజులు విసిరినా ఒక్క చేపా పడలేదు. ఏడో సాయంత్రం ఆయన, "ఇక చాల్లేమ్మా" అన్నారు. ఆ మాట నేను తట్టుకోలేకపోయాను.

మర్నాడు పొద్దున కాలవ మలుపులో, తూటాకు గుబురు పక్కన, నీటిమీద కారం చల్లినట్టు ఎర్రెర్రగా కొర్రమీను పిల్లల గుంపు కనిపించింది. పిల్లల్ని కాసుకునే కొర్రమీను ఆకలి లేకపోయినా దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ కరుస్తుంది. అలాంటి దాని మీద గాలం వేయకూడదన్నది నాన్నగారి నియమం. ఆయనకు దూరం చూపు ఆనదు. ఇవాళ చేప ఖాయమని అమ్మతో చెప్పి, సాయంత్రం ఆయన్ని సరిగ్గా అక్కడే నిలబెట్టాను.

నాన్నగారు రెండోసారి విసిరి, ఈకలు నీటిమీద గెంతేలా దారం లాగుతుంటే చేప గాలాన్ని పట్టింది. ఆయన కుడిచేత్తోనే ఒడ్డుకు లాగారు.

"చూశావా, ఈ చెయ్యే!" అని పసివాడిలా నవ్వారు.

అంతలో ఆ ఎర్ర గుంపు తల్లిని వెతుక్కుంటూ మా కాళ్ల దాకా వచ్చింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"నువ్వు ముందే చూశావా?"

"చూశాను నాన్నగారూ."

తిట్టలేదు. గాలం తప్పించి చేపను నీళ్లలో వదిలేశారు. తిడితే బాగుండుననిపించింది.

ఇంటి దగ్గర అమ్మ చింతపండు నానబెట్టి, ఉల్లిపాయలు తరిగి కూర్చుంది. చేప ఖాయమన్నావుగా, ఏదీ అని నన్ను నిలదీసింది. నేను నోరు తెరిచేలోగా, అబద్ధమాడిన పిల్లలచేత గోడకుర్చీ వేయించే మా నాన్నగారు అన్నారు:

"పడిందే, నా చెయ్యి పట్టు తప్పింది. జారిపోయింది."

అమ్మ కోపమంతా దిగిపోయింది. నూనె వెచ్చచేసి తెచ్చి ఆయన కుడిచేతికి రాస్తూ కూర్చుంది. ఆయన నా వైపు చూడకుండా రాయించుకున్నారు.