బావ కొన్న మూడు టికెట్లు

సిరిసిల్ల బస్టాండులో పొద్దున ఐదున్నరకు వేములవాడ బస్సు ఎక్కాను. కోరుట్లకు నేరుగా వెళ్లే బస్సు కోసం కూర్చుంటే పొద్దెక్కుతుంది. వేములవాడలో మారి రుద్రంగి, కథలాపూర్ మీదుగా వెళ్తే గంటైనా కలిసొస్తుంది. కథలాపూర్‌లో బస్సు కాసేపు ఆగుతుంది, అక్కడ టీ బాగుంటుంది. ఆ రోజు నేను దిగలేదు. ఫోన్లో ఉన్న మూడు టికెట్లను తెరిచి చూడటం, మూయడం, మళ్లీ తెరవడం. దారంతా ఇదే పని.

నాకు రైడ్ల పిచ్చి. సిరిసిల్లలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతాను గానీ ఊళ్లో నన్ను గుర్తుపట్టేది ఆ పిచ్చితోనే. హైదరాబాద్ అవతల ఉన్న పెద్ద అమ్యూజ్‌మెంట్ పార్కులో ఏ ప్రత్యేక కార్యక్రమం పెట్టినా హాజరవుతాను. హోలీకి రంగునీళ్ల ఆట, డిసెంబరులో దీపాల పండుగ, కొత్త రైడు మొదలుపెట్టే రోజు, ఏదీ వదలను. వెళ్లినప్పుడల్లా చేతికి వేసే కాగితపు పట్టీలు దుకాణం కౌంటరు అద్దం కింద వరసగా పరిచి ఉంటాయి. నాలాంటి వాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు కూడా ఉంది.

ఈ పిచ్చిలో నాకు తోడు మా అక్క భర్త. కోరుట్లలో కల్లు గీసే గౌండ్ల ఇంటి మనిషి, చిన్నప్పుడు తండ్రి వెంట తాటిచెట్లు ఎక్కి పెరిగాడు. ఎత్తంటే బెదురు లేదు. దుబాయిలో పని. పార్కులో ఏ కార్యక్రమం ఎప్పుడుందో నన్ను అడిగి, దాన్ని బట్టి సెలవు పెట్టుకునేవాడు. ఈసారి వార్షికోత్సవం సాయంత్రానికి అక్కడి నుంచే మూడు టికెట్లు కొని నా ఫోనుకు పంపాడు. ఒకటి నాకు, ఒకటి తనకు, ఒకటి అక్కకు. అవి పంపిన కొన్నాళ్లకే ఒక రాత్రి గదిలో పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. గుండె ఆగిందన్నారు. నవ్వుతూ దిగాల్సిన మనిషి పెట్టెలో వచ్చాడు. కర్మలన్నీ ముగిశాక చూసుకుంటే టికెట్ల తేదీకి ఇంకా రోజులున్నాయి.

మా దిక్కు ఒక ఆచారం ఉంది. ఇంట్లో మనిషి పోతే, దగ్గరి చుట్టాలు వచ్చి దుఃఖంలో ఉన్నవాళ్లను తమ ఇంటికి తీసుకెళ్లి, కడుపునిండా పెట్టి, ఒక రాత్రి పడుకోబెట్టి పంపుతారు. దాన్ని నిద్ర అంటాం. ఏడాదిపాటు పెళ్లిళ్లకూ పండుగలకూ వెళ్లకపోయినా నిద్రకు మాత్రం వెళ్లాలి. తల్లిగారింటి తరఫున అక్కను నిద్రకు తీసుకెళ్లే వంతు నాది. మా చిన్నమ్మ హైదరాబాద్‌లో ఉంటుంది. నిద్ర అక్కడ చేయించొచ్చు, దానికి ముందు పార్కుకు వెళ్లొచ్చు అని నేను వేసుకున్న లెక్క. అక్కతో ఫోన్లో భయపడుతూనే చెప్పాను. తిడుతుందనుకున్నాను. "పోదాం తమ్మీ" అంది వెంటనే.

ఎనిమిది దాటాక కోరుట్ల చేరాను. అక్క ఆకుపచ్చ చీర కట్టుకుని, సంచి సర్దుకుని అరుగు మీద కూర్చుని ఉంది. మెడ ఎముకలు బయటపడ్డాయి. వాళ్లకు పిల్లలు లేరు, ఇంట్లో అక్కా, వాళ్ల అత్తమ్మా ఇద్దరే. పార్కు సంగతి ముసలామెకు చెప్పొద్దని నేను అనుకున్నాను. అక్క అరుగు దిగుతూ తనే చెప్పేసింది.

"అత్తా, నిద్రకు పోయే ముందు పార్కుకు గూడ పోతం. ఆయన టికెట్లు కొనిపెట్టిండు."

అత్తమ్మ నా వైపు తిరిగింది. "నా కొడుకు కొన్నడా?" అని అడిగింది. కొన్నాడని చెప్పాను. "అయితె పోండ్రి. తీస్కపో కొడుకా. గీడుంటె గోడల దిక్కు చూసుకుంట కూసుంటది" అని లోపలికి వెళ్లిపోయింది. తలుపు చాటున ఆమె ముక్కు చీదుకోవడం వినిపించింది.

కోరుట్లలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నేరుగా వెళ్లే సూపర్ లగ్జరీలు ఉన్నాయి గానీ వాటిలో ఆడవాళ్లకు ఉచితం లేదు. ఎక్స్‌ప్రెస్‌లైతే కరీంనగర్‌లో మారాలి, అయినా అక్కకు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు. మెట్‌పల్లి నుంచే నిండి వచ్చిన బస్సులో కిటికీ పక్క సీటు ఒక్కటి దొరికితే అక్కను కూర్చోబెట్టి పక్కన నిలబడ్డాను. జగిత్యాలలో సగం ఖాళీ అయ్యాక నేనూ కూర్చున్నాను. అప్పుడు చెప్పింది, ఎందుకొస్తున్నదో.

"మీరు గా పెద్ద రైడు దిగి అచ్చినప్పుడల్ల పైనుంచి ఏం కనవడ్డదయ్యా అని మీ బావను అడిగేదాన్ని. కోరుట్ల కనవడ్డది అనేటోడు. మన ఇల్లు కనవడ్డది, మన తాటివనం కనవడ్డది అని నవ్వేటోడు. అబద్ధమని నాకెర్కే. మరి నిజంగ ఏం చూసేటోడు? గదొక్కటి చెప్పకుంటనే పోయిండు. ఒక్కసారి ఎక్కి చూస్త తమ్మీ."

మా అక్క అప్పటిదాకా ఒక్క రైడు కూడా ఎక్కిన మనిషి కాదు.

జగిత్యాలలో ఎక్కిన ఒక పెద్దావిడ మా ముందు సీట్లో కూర్చుంది. కాళ్ల దగ్గర మామిడిపండ్ల గంప. కరీంనగర్‌లో ఉన్న కూతురి కోసమట. కాసేపటికి వెనక్కి తిరిగి, "ఎటు పోతున్నరు చెల్లే?" అని అడిగింది.

"నిద్రకు" అంది అక్క.

ఆవిడ ముఖం మారిపోయింది. ఎవరని అడగలేదు. గాజుల్లేని అక్క చేతులను ఒకసారి చూసింది, గంపలోంచి రెండు పండ్లు తీసి ఒళ్లో పెట్టింది. "తిను చెల్లే. తినకపోతె పోయినోళ్లు తిరిగి అస్తరా?" అంది. అక్క ఒక పండు అక్కడే చీకి తింది. నేను కోరుట్లలో కొన్న ఇడ్లీ పొట్లం మాత్రం విప్పకుండా అలాగే ఉంది.

పదకొండుకు కరీంనగర్. బస్టాండు ఎదురుగా మెస్‌లో భోజనం బాగానే ఉంటుంది, పెరుగు గడ్డపెరుగు. అక్క రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. పన్నెండు లోపల బస్సు దొరికింది. సిద్దిపేట మీదుగా జూబ్లీ బస్టాండుకు వెళ్లేసరికి మూడున్నర దాటింది. అక్కడి నుంచి సిటీ బస్సు, ఆ తర్వాత షేర్ ఆటో. ఎండలో వెళ్లేవాళ్లు నీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి, గేటు బయట ధర రెండింతలు చెబుతారు.

గేటు దగ్గర అరటితోరణాలు, డప్పులు, బెలూన్ల కమాను. టికెట్లు చూసే అమ్మాయి నా ఫోను మీద మిషను పెట్టి, "ముగ్గురు కదా సార్?" అంది.

"ఇద్దరమే."

"ఇంకొకరు తర్వాత వస్తారా?"

నేను రారని చెప్పేలోపే వెనకవాళ్లు తోశారు. ఆ అమ్మాయి మూడు పట్టీలూ నా చేతిలో పెట్టింది. నేనొకటి వేసుకున్నాను. అక్కకొకటి వేశాను. మూడోది మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

లోపల మా గ్రూపువాళ్లు ఒకే రంగు టీషర్టుల్లో గుమిగూడి ఉన్నారు. నాకూ బావకూ అలాంటివే ఉన్నాయి, నేను వేసుకు రాలేదు. వరంగల్ కుర్రవాడొకడు దూరం నుంచే చెయ్యి ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, బావ ఏడి? ఈసారి ముందు సీటు నాకిస్త అన్నడు!"

గ్రూపులో నేను చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు. అక్కే చెప్పింది: "ఆయన పోయిండు తమ్మీ."

కుర్రవాడు టోపీ తీసేశాడు. అక్క కాళ్లకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

పెద్ద రోలర్ కోస్టర్ ఎదురుగా వేపచెట్టు కింద సిమెంటు బల్ల ఒకటి ఉంది. చెప్పకుండానే అక్క కాళ్లు అటే నడిచాయి. మేమిద్దరం రైడ్లు ఎక్కినంతసేపూ మా చెప్పులు, ఫోన్లు, పర్సులు, నీళ్ల సీసాలు ఒళ్లో పెట్టుకుని ఆమె కూర్చునేది ఆ బల్ల మీదే. ఏళ్ల తరబడి మేం చూసిన పార్కు వేరు, ఆమె చూసిన పార్కు వేరు. ఈసారి సంచులు లాకరులో పెడదామన్నాను. అక్క తలూపింది.

క్యూలో ముప్పావుగంట నిలబడ్డాం. అక్క నా మోచెయ్యి పట్టుకుని మెట్లన్నీ ఎక్కింది. మా వంతు వచ్చింది, ముందు సీటే. రెండు సీట్లు పక్కపక్కన, ఇద్దరి మీదికీ కలిపి వాలే ఒకే కడ్డీ. అక్క ఒక కాలు లోపల పెట్టి ఆగిపోయింది. ఆ సీటు వైపు చూస్తూ ఉంది.

"నాతోని కాదు తమ్మీ. గిది ఆయన కూసున్న జాగ." కాలు వెనక్కి తీసుకుంది. లాకరు తాళంచెవి నా చేతిలోంచి తీసుకుంది. "నువ్వు పో. మంచిగ చూసి నాకు చెప్పు. అబద్ధం చెప్పకు."

నా పక్కన ఎవరో కాలేజీ పిల్లవాణ్ణి కూర్చోబెట్టారు. బండి కదిలింది. ఇక్కడొక మాట చెప్పాలి. ఇన్నేళ్లుగా రైడ్ల మీద అందరికీ పాఠాలు చెప్పే నేను, ఆ ఎత్తుకు చేరేసరికి ప్రతిసారీ కళ్లు గట్టిగా మూసుకుంటాను. పడిపోయేటప్పుడు కడుపులో లేచే ఆ ఝల్లు చాలు నాకు. చూసే పని బావదే. కేకలు వేస్తూ, నవ్వుతూ, చూసేది ఆయనే. ఆ సాయంత్రం మొదటిసారి కళ్లు తెరిచి కూర్చున్నాను. గొలుసు టకటకమంటూ పైకి లాగింది. చివరన బండి ఒక్క క్షణం ఆగినట్టే ఉంటుంది. ఆ క్షణంలో కనపడినవన్నీ లోపల దాచుకున్నాను.

దిగి వచ్చేసరికి అక్క బల్ల మీద ఉంది. లాకరులోంచి సంచులు తెచ్చేసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"చెప్పు."

"బస్సులు నిలిపే మైదానం కనవడ్డది అక్కా. రింగురోడ్డు, దానిమీద లారీలు. ఒక గుట్ట, సగం తవ్వేసి ఉన్నది. ఇంకేం లేదు."

"కోరుట్ల?"

"లేదు."

"ఇంకేం కనవడలేదా?"

"నువ్వు కనవడ్డవ్. చెట్టు కింద సంచులు పట్టుకొని మీదికి చూసుకుంట."

అక్క చాలాసేపు బండి ఎక్కే ఆ కొస వైపే చూసింది. "మనిషి గుర్తువడ్తదా గంత మీదికెల్లి?" అని అడిగింది. చీర రంగు తెలుస్తుందన్నాను. వేదిక మీద పాటలు మొదలయ్యాయి, కేకు కోస్తున్నామని మైకులో పిలుస్తున్నారు. మేం బయటికి వచ్చేశాం.

చిన్నమ్మ ఇంట్లో మటన్ కూర, కల్లు, అక్కకు కొత్త చీర, అన్నీ ఆచారం ప్రకారమే జరిగాయి. అక్క కొంచెం తింది. పొద్దున చిన్నమ్మ నన్ను పక్కకు పిలిచి, "పండుకున్నది గని కన్ను మూయలేదురా" అంది.

తిరుగు ప్రయాణంలో కరీంనగర్‌లో మళ్లీ బస్సు మారాం. గంగాధర ఊరు దాటాక అక్క కిటికీ వైపు ముఖం పెట్టుకునే అంది.

"తమ్మీ, కోరుట్ల కనవడ్డదని చెప్పే బదులు నువ్వే కనవడ్డవే అని ఒక్కసారన్న అంటె ఏం పోయేది ఆయనకు?"

తనే మళ్లీ అడిగింది.

"పక్కన కూసున్నది నువ్వే గద. పైకి పోయినంక నా దిక్కు చూసేటోడా?"

ఆ సంగతి చెప్పగలిగిన మనిషిని నేనొక్కడినే. అవునంటే అయిపోయేది. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అబద్ధం చెప్పకని నన్ను పంపిన మనిషి ఆమె. ఈ ఒక్కదానికోసమే మనసు చంపుకుని అంత దూరం వచ్చింది.

"నేను కండ్లు మూసుకునేటోన్ని అక్కా. ఆయన ఎటు చూసేటోడో ఎన్నడు చూడలె."

అక్క ఇటు తిరిగింది. "గన్ని మాటలు చెప్తవు రైడ్ల గురించి. కండ్లు మూసుకునేటోనివా?" అని నవ్వింది. నిజంగానే నవ్వింది. ఆ నవ్వు ఆగకుండా ఏడుపులోకి దిగింది. కొంగు నోట్లో కుక్కుకుని జగిత్యాల దాకా ఏడ్చింది. కండక్టరు ఒకసారి వచ్చి చూసి వెనక్కి వెళ్లాడు. కోరుట్లలో దిగేటప్పటికి కళ్లు తుడుచుకుంది. అత్తమ్మ గడపలో నిలబడి ఉంది. నేను చెంబెడు నీళ్లు తాగి, కథలాపూర్ మీదుగా సిరిసిల్లకు బయల్దేరాను.

పార్కుకు వెళ్లేవాళ్లు నన్ను అడుగుతుంటారు, ముందు సీటు మంచిదా వెనక సీటు మంచిదా అని. ఏ సీటైనా మంచిదే. పైకి చేరాక కళ్లు తెరవండి. మీ పక్కన కూర్చున్న మనిషి ఎటు చూస్తున్నాడో చూడండి. తర్వాత ఎవరైనా అడగొచ్చు.