నీలం గొర్రె

మాది కాకినాడ. అరవైల మొదట్లో ఒకసారి మక్తల్ దగ్గర మా బస్సు ఆగిపోయినప్పుడు, రోడ్డు పక్క బండల మధ్య కూర్చుని ఒక ఇంగ్లండు దొరసాని బొమ్మ వేస్తూ కనిపించింది. నేను బళ్లో డ్రాయింగు మాస్టర్ని కదా, ఆత్రంగా వెళ్లి చూశాను. ఆమె చేతిలో కుంచె లేదు. వేళ్లతోనే రంగు పూస్తోంది. ఎదురుగా మేస్తున్నవన్నీ నల్ల గొర్రెలు. ఆమె అట్ట మీద మాత్రం ఒకే ఒక్క నీలం గొర్రె!

"మా దేశంలో నేను వేసేవాటిని ఎవరూ బొమ్మలనరు. ఇదీ కుదరలేదు," అని ఇంగ్లీషులో చెప్పి, రంగు గీకెయ్యడానికి ఆమె చాకు తీసింది. కుదరలేదనే నాకూ అనిపించింది.

అంతలో మందను కాస్తున్న అవ్వ వచ్చి తొంగిచూసింది.

"ఓయమ్మో! గిది మా కుంటిదే గదా!"

"ఎక్కడైనా నీలం గొర్రె ఉంటుందా అవ్వా?" అన్నాను.

"రంగుతోటి ఏం పని సారూ? కాలు జూడు. గట్లనే ఎత్తి పెడ్తది."

మందలోకి చూశాను. నిజమే! ఒక గొర్రె ముందుకాలు సరిగ్గా అలాగే ఎత్తి నిలబడి ఉంది. గబగబా ఇంగ్లీషులో చెప్పాను. దొరసాని చాకు కింద పడేసి, మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.

"గని దాని పిల్లేది? పిల్ల పక్కన లేకుంటే అది ఒక్క తాన నిలవడదు," అంది అవ్వ, అట్ట మీద ఖాళీ జాగా చూపిస్తూ.

నేను తర్జుమా చేసేలోపే దొరసాని బొటనవేలితో అక్కడ ఒక చిన్న నీలం మచ్చ అద్దింది.

"ఆఁ, గిప్పుడు నిలవడ్డది," అంది అవ్వ.