బహిరంగ జ్వాల

నా రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, ఎండాకాలంలో, బారువలోని పాత వర్తకుల మేడను మ్యూజియంగా మార్చే పనిమీద నన్ను టెక్కలిలో వేశారు. హోదా కన్జర్వేషన్ అసిస్టెంట్. అంటే, కూలబోయే కట్టడాన్ని నిలబెట్టడం. కూలితే, అది నాకన్నా వయసులో పెద్దదని ఫైల్లో రాయడం.

బారువ రేవుగా వెలిగిన రోజుల్లో కట్టిన మేడ అది. దూలాలు, మెట్లు అన్నీ బర్మాలోని రంగం నుంచి ఓడలో వచ్చిన టేకు. గోడలకు గానుగ సున్నమే పట్టించాం. సిమెంటు పాత గోడకు ఊపిరాడనివ్వదు.

ఇల్లు దానమిచ్చినావిడ పైడమ్మగారు, ఆ వంశంలో చివరి కోడలు. ఎదురింట్లో కూతురి దగ్గర ఉండేవారు. దానపత్రంలో ఆవిడ షరతు ఒక్కటే: బతికున్నంతకాలం పగటిపూట వీధి సావిట్లో తన కుర్చీలో కూర్చుంటారు. కూర్చోనివ్వని రోజున ఇల్లు తిరిగి ఆవిడదే. శాఖ సంతోషంగా సంతకం చేసింది. కూర్చుని ఏం చేస్తారని ఎవరూ అడగలేదు.

అడ్డపొగ తాగేవారు. తెలియనివారి కోసం: చుట్ట వెలిగించి, వెలిగిన కొసనే నోట్లో పెట్టుకోవడం. సముద్రపు గాలికి ఆరిపోకుండా ఎవరో కనిపెట్టారంటారు. వైద్యులు మెచ్చుకోలేదు.

మ్యూజియం తెరవాలంటే అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం కావాలి. టేకు మేడకు దాన్ని తేలిగ్గా ఇవ్వరు. సావిట్లో 'పొగ త్రాగరాదు' బోర్డు కొట్టించి, తనిఖీ రోజు ఒక్కటీ చుట్ట మానమని పైడమ్మగారిని బతిమాలాను.

"అలగే బావూ" అన్నారు. అంత తొందరగా ఒప్పుకున్నవాళ్లను అనుమానించాలని ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

తనిఖీకి వచ్చిన అధికారిది ఆ పక్కనే ఉన్న కవిటి. వైర్లు చూశారు, ఇసుక బకెట్లు చూశారు, బోర్డు చూసి తృప్తిపడ్డారు. దాని కిందే కూర్చున్న పైడమ్మగారికి దండం పెట్టి, "బావున్నారామ్మా?" అన్నారు. ఆవిడ తలూపారు. ఇల్లు ఇచ్చేసినందుకు బెంగగా ఉందా అంటే మళ్లీ తలూపారు. మితభాషి అని నేను వివరించాను. ఆవిడ నోరు మూసుకుని ఉండగా చూడడం నాకూ అదే మొదలు.

అంతలో ఆవిడ ముక్కులోంచి సన్నగా పొగ వచ్చింది.

"ఏటమ్మా అది?" అన్నారు అధికారి.

ఆవిడ నోట్లోంచి వేలెడైనా లేని చుట్టముక్క తీసి, ఎర్రటి కొసను పరీక్షగా చూసుకున్నారు. "నిప్పు నా నోట్లో ఉంది గానీ ఇంట్లో నేదు గదా బావూ! ఇల్లు కాలాలంటే ముందల నేను కాలాల."

"మరి బోర్డు సూడనేదా?"

"పొగ తాగొద్దని గదా రాసినారు. నేను నిప్పు తింటన్నాను."

ఆవిణ్ణి లేపితే ఇల్లు పోతుంది. లేపకపోతే పత్రం పోతుంది. నేను దూలాల పనితనం గమనించసాగాను.

అధికారి బోర్డు వైపోసారి, ఆవిడ వైపోసారి చూశారు. తర్వాత, "మాయమ్మ కూడా ఇంతేనండి" అని గొణిగి, తనిఖీ పత్రం తీశారు. 'బహిరంగ జ్వాల వాడకం' అన్నచోట 'ఉంది' అని రాయబోయి ఆగారు. 'లేదు' అని రాసి, 'బహిరంగ' అన్న మాట కింద గీత గీశారు. ఆవిడ కుర్చీ పక్కన ఎప్పుడూ ఒక ఇసుక బకెట్టు ఉండాలని మాత్రం షరతు పెట్టారు.

బకెట్టు ఆవిడకు నచ్చింది. బూడిద అందులోనే ఊసేవారు. సందర్శకులు టేకు దూలాలకన్నా ఆ ఎర్ర బకెట్టుకే ఎక్కువ ఫొటోలు తీశారు.

అప్పటినుంచి ఏ నిబంధన వచ్చినా ముందు విశేషణం చదవడం అలవాటైంది. పాత గోడకు సున్నం ఎందుకో, నిబంధనకు విశేషణం అందుకే. కాస్త గాలాడుతుంది.